ముల్లు నిజం చెప్పాలి: పాత కారులో కొత్త మీటర్ల ప్యానెల్

ఇప్పటికీ అంబాసిడర్ నడుపుతున్నవాళ్ళలో చాలామందికి తమ డాష్‌బోర్డులో ఏ మీటరు ఎప్పుడు పనిచేయడం మానేసిందో గుర్తుండదు. పెట్రోలు ముల్లు అడుగునే పడుకుని ఉంటుంది. టెంపరేచర్ ముల్లు ఒకరోజు లేస్తే మరురోజు లేవదు. మీటరు వైరు తెగి కిలోమీటర్ల అంకె ఏనాడో ఆగిపోయి ఉంటుంది. ట్యాంకులో పుల్ల ముంచి చూసుకుంటూ, పొద్దున్నే రేడియేటరు మూత తీసి నీళ్ళు సరిచూసుకుంటూ బండి నడిపేస్తారు. ఇంజిను ఓర్చుకున్నంత కాలం ఓర్చుకుంటుంది. హెడ్ గ్యాస్కెట్ పోయిన రోజున గానీ పనిచేయని ఆ ముల్లు విలువ తెలిసిరాదు.

అలాంటి కారుకు కొత్త మీటర్ల ప్యానెల్ చేయించాలా, ఉన్నదాన్నే బాగుచేయించాలా అన్నది పాత కార్ల మీద మమకారం ఉన్నవాళ్ళ మధ్య ఎప్పుడూ నడిచే వాదమే. కంపెనీ ఇచ్చిన రూపం చెడగొట్టకూడదని ఒక పక్షం, రోజూ రోడ్డెక్కే బండికి సరైన సమాచారం కావాలని ఇంకో పక్షం. రెండిట్లోనూ న్యాయం ఉంది. నా మటుకు ఏ మీటరుకైనా ప్యానెల్‌లో చోటు ఇచ్చేముందు ఒకటే అడుగుతాను: ఈ ముల్లు పక్కకు పోతే నడిపేవాడు చేయగలిగింది ఏదైనా ఉందా? బండి ఆపడం, వేగం తగ్గించడం, బంకులోకి తిప్పడం, ఇలా ఏదో ఒకటి ఉండాలి. లేదంటే అది అలంకారం. అలంకారం తప్పేమీ కాదు గానీ, దానికోసం డాష్‌బోర్డుకు కొత్త రంధ్రం పెట్టడం నాకు మనసొప్పదు.

సొంత ప్యానెల్ చేసుకునే అలవాటు పందేల నుంచి వచ్చింది. 1930, 40 దశకాల్లో దక్షిణ కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సుల మీద ఫోర్డు కార్లను పరుగెత్తించిన కుర్రాళ్ళు, పాత ఆబర్న్ కార్ల నుంచి మీటర్ల పలకలు విప్పి తెచ్చి తమ బండ్లలో బిగించుకున్నారు. స్టీవర్ట్ వార్నర్ మీటర్లకు అక్కడ గొప్ప గిరాకీ. ఇంజిను శక్తి పెంచినప్పుడు ఆయిల్ ప్రెషరు, నీళ్ళ వేడి కళ్ళ ముందు లేకపోతే ఇంజిను దక్కదు. మన దగ్గర కూడా చెన్నై పక్కన షోలవరం రన్‌వే మీద పందేలు జరిగిన కాలంలో ఫియట్లు, అంబాసిడర్లు మార్పులు చేయించుకునే పరుగెత్తాయి. పందెం కార్లలో ఇంకో పద్ధతి ఉంది. అంతా సవ్యంగా ఉన్నప్పుడు అన్ని ముళ్ళూ ఒకే దిక్కుకు నిలబడేలా మీటర్లనే తిప్పి బిగిస్తారు. అంకెలు చదవక్కర్లేదు, వంకరగా ఉన్న ముల్లు ఒక్కటే కంటికి తగులుతుంది. అలా బిగిస్తే డయల్ మీది అక్షరాలు పక్కకు ఒరిగిపోతాయి. చూసేవాళ్ళకు వింతగా ఉన్నా నడిపేవాడికి అంతకంటే మేలైన అమరిక లేదు.

కంపెనీలు మాత్రం అవసరానికి సరిపోయేంత ఇచ్చి ఊరుకున్నాయి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి పుట్టి, 1950ల చివరి నుంచి 2014 దాకా ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌ అయినా, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 అయినా అంతే. తొలి 800లో స్పీడు, పెట్రోలు, నీళ్ళ వేడి, కొన్ని హెచ్చరిక దీపాలు. ఆర్.పి.ఎం. మీటరు లేదు, ఛార్జింగ్ ఎంతుందో చెప్పే మీటరు లేదు. చవక కారుకు అది సరైన నిర్ణయమే. నలభై ఏళ్ళ తర్వాత అదే కారును నడిపేవాడికి మాత్రం చాలదు, ఎందుకంటే ఇప్పుడు అందులో ఏ భాగం ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు.

కొత్తవి కొనేముందు పాత మీటరు ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది. స్పీడోమీటరులో గేరుబాక్సు నుంచి వచ్చే కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నె ఆ తిరుగుడుకు లాగబడి ముల్లును కదుపుతుంది. సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. జర్మనీలో ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటు తీసుకున్న సూత్రం ఇది. ముల్లు అటూ ఇటూ ఊగుతోందంటే చాలాసార్లు మీటరు తప్పుండదు, కేబుల్ ఎండిపోయి ఉంటుంది. కాస్త గ్రీజు రాస్తే సరిపోయేదానికి మీటరు మార్చేస్తుంటారు.

1960ల తర్వాతి బ్రిటిష్ పద్ధతి కార్లలో పెట్రోలు, టెంపరేచర్ మీటర్లు వేడితో నడుస్తాయి. రెండు లోహాలు అతికించిన బద్ద చుట్టూ సన్నటి తీగ చుట్టి ఉంటుంది. కరెంటు వెళ్ళినకొద్దీ బద్ద వేడెక్కి వంగుతుంది, ముల్లు మెల్లగా లేస్తుంది. బ్యాటరీ వోల్టేజీ పెరిగినా తగ్గినా లెక్క మారిపోతుంది గనుక, రెండు మీటర్లకూ కలిపి వెనకాల ఒక చిన్న స్టెబిలైజరు పెట్టారు. అది టక్కుటక్కుమని కలుస్తూ విడిపోతూ సగటున 10 వోల్టులు ఇస్తుంది. పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తుంటే ముందు ఆ స్టెబిలైజరునూ, దాని ఎర్తునూ చూడాలి. దాని బదులు 7810 అనే రెగ్యులేటరు చిప్‌ను కెపాసిటర్లతో బిగించుకోవచ్చు. కోఠీలోని గుజరాతీ గల్లీలో చాయ్ ఖర్చుకే దొరికే వస్తువు అది. ఇక్కడితో సమస్య తీరిపోయేవాళ్ళే ఎక్కువమంది ఉంటారని నా నమ్మకం. వాళ్ళకు కొత్త ప్యానెల్ అక్కర్లేదు.

మిగిలినవాళ్ళ సంగతికి వద్దాం. సొంత ప్యానెళ్ళలో ఎక్కువ పాడయ్యేది మీటరుకూ సెన్సరుకూ జత కుదరక. ట్యాంకులో ఫ్లోటు, ఇంజినుకు బిగించిన టెంపరేచర్ బల్బు, ఆయిల్ సెన్సరు, ఇవన్నీ రెసిస్టెన్సు మార్చి చూపించే పరికరాలు. ఏ స్థాయికి ఎన్ని ఓములన్నది తయారీదారును బట్టి మారుతుంది. అమెరికన్ జనరల్ మోటార్స్ పద్ధతిలో ఖాళీ ట్యాంకుకు 0, నిండుకు 90. వీడీఓ పద్ధతిలో ఖాళీకి 10, నిండుకు 180. స్టీవర్ట్ వార్నర్ పద్ధతిలో మొత్తం తిరగబడి ఖాళీకి 240, నిండుకు 33. ఇప్పుడు వీడీఓ ఫ్లోటు ఉన్న ట్యాంకుకు స్టీవర్ట్ వార్నర్ పద్ధతి మీటరు తగిలిస్తే ఏమవుతుందో చూడండి. ట్యాంకు నిండుగా ఉండి 180 ఓములు వస్తే ముల్లు అడుగు దగ్గరే ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ పైకి లేస్తుంది. బండి ఆగిపోయే ముందు నిండు గీత దాటి నిలబడుతుంది. రెండు వస్తువులూ మంచివే, రెండూ కొత్తవే, చెప్పేది మాత్రం పచ్చి అబద్ధం. అందుకే డయల్ నచ్చిందని మీటరు కొనకూడదు. ముందు ట్యాంకు ఫ్లోటు తీగకు మల్టీమీటరు పెట్టి, ఫ్లోటును చేత్తో పైకీ కిందికీ కదిపి, ఆ రెండంకెలు కాగితం మీద రాసుకుని అంగడికి వెళ్ళాలి.

టెంపరేచర్ సెన్సరును ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు పెట్టి, సెన్సరు ఇత్తడి కొస మాత్రం మునిగేలా తీగతో వేలాడదీయాలి. దాని ఒంటికి ఎర్తు తీగ ఇచ్చి, కొత్త మీటరుకు కలిపి, 12 వోల్టుల బ్యాటరీతో నడిపించాలి. పక్కనే థర్మామీటరు. నీళ్ళు 60, 70, 80 డిగ్రీలు దాటుతుంటే ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటూ పోవాలి. మరిగేటప్పుడు విజయవాడలోనైతే 100 దగ్గర నిలవాలి. సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాదులో నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి, ముల్లూ అక్కడే ఉండాలి. డయల్ మీద సి, హెచ్ అన్న అక్షరాలే ఉన్నా, ఈ పరీక్ష చేసినవాడికి ఏ గీత ఎంత వేడో తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: నీళ్ళు పూర్తిగా కారిపోయినప్పుడు సెన్సరు గాలిలో మిగిలిపోతుంది. అప్పుడు ముల్లు పైకి పోవడానికి బదులు కిందికి జారవచ్చు. ఇంజిను మాడిపోతున్న నిమిషంలోనే మీటరు చల్లగా ఉందని చెబుతుంది. మామూలుగా నిలిచే చోటు నుంచి ముల్లు ఎటు కదిలినా బండి ఆపాల్సిందేనని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఆయిల్ ప్రెషరు మీటరుకు నా లెక్కలో మొదటి చోటు. కంపెనీ ఇచ్చిన ఎర్ర దీపం ప్రెషరు సుమారు 5 నుంచి 7 పి.ఎస్.ఐ.కి పడిపోయాక గానీ వెలగదు. పరుగులో ఉన్న ఇంజినుకు అది బాగా ఆలస్యం. అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి వాడిన బి.ఎం.సి. బి సిరీస్ ఇంజిను వేడెక్కాక పరుగులో 50 పి.ఎస్.ఐ. చుట్టుపక్కల, ఐడ్లింగ్‌లో 15 నుంచి 25 దాకా చూపిస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు. నెలనెలా ఆ అంకె కొంచెం కొంచెంగా దిగుతుంటే బేరింగులు అరుగుతున్నాయని ముందే తెలుస్తుంది. దీపం ఆ కథ చెప్పలేదు. ఈ మీటర్లలో రెండు రకాలు. ఒకదానికి ఇంజిను నుంచి సన్నటి గొట్టంలో ఆయిలే మీటరు దాకా వస్తుంది. కచ్చితంగా చూపిస్తుంది, కరెంటుతో పనిలేదు. కానీ ఆ గొట్టం అదురుకు చిట్లితే మరుగుతున్న నూనె కాళ్ళ మీద పడుతుంది. ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి నేను ఎలక్ట్రిక్ రకమే మంచిదంటాను. దాని పక్కనే పాత ఎర్ర దీపాన్ని కూడా ఉంచుకోవాలి, టి ఆకారపు కీలు ఒకటి వేస్తే రెండిటికీ చోటు దొరుకుతుంది.

అమ్మీటరు విషయంలో పాతకాలపు మోజుకు లొంగకపోవడం మంచిది. డైనమో రోజుల్లో 20 ఆంపియర్ల చుట్టుపక్కల కరెంటే పుట్టేది. అదంతా డాష్‌బోర్డు వెనక నుంచి పోయినా తీగలు తట్టుకున్నాయి. ఇప్పుడు చాలా పాత బండ్లకు 45 నుంచి 65 ఆంపియర్లిచ్చే ఆల్టర్నేటరు బిగించి ఉంటుంది. అంత కరెంటు 30 ఆంపియర్ల మీటరు గుండా పోతే, వదులైన ఒక్క నట్టు చాలు డాష్‌బోర్డు అంటుకోవడానికి. వోల్టుమీటరు దీనికి సరైన బదులు. ఇంజిను ఆపి ఉన్నప్పుడు 12.6, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వరకు ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టే.

ఆర్.పి.ఎం. మీటరు పెట్రోలు బండిలో ఇగ్నిషన్ కాయిల్ నెగెటివ్ కొన నుంచి సంకేతం తీసుకుంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజిను ఒక చుట్టుకు రెండు నిప్పురవ్వలు ఇస్తుంది గనుక మీటరు వెనక మీటను నాలుగు సిలిండర్ల గుర్తుకు పెట్టాలి. మారుతి 800కు మూడు. డీజిల్ జీపులో కాయిలే ఉండదు. ఆల్టర్నేటరుకు డబ్ల్యూ అనే కొన ఉంటే అక్కడి నుంచి తీసుకోవాలి. జీపుకు పెట్రోలు బండి మీటరు కొని, ముల్లు కదలట్లేదని అంగడివాడితో తగువుపడేవాళ్ళున్నారు.

పలక ఏ పదార్థంతో చేయాలన్న చర్చలో మన ఎండను లెక్కలోకి తీసుకున్నవాళ్ళు తక్కువ. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటడం మామూలే. 3డి ప్రింటర్లలో ఎక్కువగా వాడే పి.ఎల్.ఏ. ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. జనవరిలో అందంగా బిగించిన ప్యానెల్ ఏప్రిల్‌కల్లా మీటర్ల బరువుకు కుంగి, అంచులు ముడుచుకుంటుంది. ప్రింటు చేయించక తప్పదనుకుంటే ఏ.బి.ఎస్. గానీ ఏ.ఎస్.ఏ. గానీ అడగాలి, అవి 100 డిగ్రీల దాకా నిలుస్తాయి. ఎం.డి.ఎఫ్. చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది. టేకు పలక బాగుంటుంది గానీ, మీటరు బిగింపు పట్టాలు అందాలంటే వెనకవైపు పలచగా చెక్కాలి. ఆ పనికి ఓపికున్న వడ్రంగి దొరకాలి. నల్ల అక్రిలిక్ చూడ్డానికి నునుపుగా ఉన్నా గీతలు పడుతుంది, ఎండకు మెరుస్తుంది. నా ఓటు 2 లేదా 3 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుకే. బోర్డులు చేసే లేజర్ కటింగ్ షాపుల్లో, ఆటోనగర్ టింకరింగ్ షెడ్లలో ఈ పని తెలిసినవాళ్ళున్నారు. దానిమీద మెరుపు లేని నల్ల రంగు చాలు. బుగాటీ కార్లలోలా, 1970ల పాంటియాక్ ట్రాన్స్ యామ్‌లోలా వలయాలు వలయాలుగా మెరుగుపెట్టిన అల్యూమినియం కూడా కొందరికి ఇష్టం. మధ్యాహ్నపు ఎండలో అది కళ్ళలోకి కొడుతుంది.

రేకు కోసే ముందు అట్టతో నమూనా చేయాలి. చిన్న మీటర్లలో ఎక్కువ భాగం 52 మిల్లీమీటర్లవి. రంధ్రం ఇంకో అరమిల్లీమీటరు పెద్దది కావాలి. చుట్టూ ఉండే రింగు అంతకంటే వెడల్పు కాబట్టి ఒక మీటరు నడిమి నుంచి పక్కదాని నడిమికి కనీసం 65 మిల్లీమీటర్లు వదలాలి. అట్ట మీద మీటర్ల బొమ్మలు అతికించి, మామూలుగా కూర్చున్నట్టే సీట్లో కూర్చుని, స్టీరింగు నేరుగా పట్టుకుని చూడాలి. స్టీరింగు చువ్వ అడ్డొచ్చే చోట ఆయిల్ మీటరు పెట్టకూడదు. గడియారం కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. వెనక లోతు కూడా ముఖ్యమే. మీటరు, దాని తీగల కొనలు కలిపి అరచేయంత లోతు తీసుకుంటాయి, అక్కడే వైపర్ లింకేజీ తిరుగుతుంటుంది.

పాత డాష్‌బోర్డును కోయకుండా, దాని రంధ్రాలకే బిగిసే విడి పలక చేయించడం అన్నిటికంటే మేలు. కంపెనీ మీటర్లను గుడ్డలో చుట్టి దాచుకోవాలి. ఇందులో సెంటిమెంటుతో పాటు లెక్క కూడా ఉంది. 50 ఏళ్ళు దాటిన బండ్లకు 2021 నుంచి వింటేజ్ నమోదు పద్ధతి వచ్చింది, వి.ఏ. అక్షరాలతో నంబరు ఇస్తారు. అసలు రూపం నిలుపుకున్న బండ్లనే దానికి తీసుకుంటారు. రేపు ఆ దారిన పోవాలనుకుంటే కోసిన డాష్‌బోర్డు వల్ల మాట పడాల్సి వస్తుంది, విప్పగలిగిన పలకతో ఆ బాధ లేదు. చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లోని వివరాలు తయారీదారు చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. మీటర్ల పలక ఆర్.సి. వివరాల్లోకి రాదు గానీ, స్పీడోమీటరు ఉండి తీరాలని 1989 కేంద్ర నియమావళి చెబుతుంది. కొత్త స్పీడోమీటరు పెట్టేరోజు పాత కిలోమీటర్ల అంకెను ఫోటో తీసి, తేదీతో సహా బండి కాగితాల్లో పెట్టుకోవాలి. కొనేవాడికి ఆ అంకె చెప్పకుండా అమ్మడం మోసం, దానికి వేరే పేరు లేదు.

వైరింగ్ గురించి చెప్పాలంటే పుస్తకం కావాలి. ముఖ్యమైనవి మాత్రం చెబుతాను. బ్రిటిష్ పద్ధతి బండ్లలో ఆకుపచ్చ మీద నల్ల గీత ఉన్న తీగ ట్యాంకు ఫ్లోటుది, ఆకుపచ్చ మీద నీలం గీత టెంపరేచరుది, ఎరుపు మీద తెలుపు గీత మీటరు దీపాలది, నలుపు ఎర్తు. నలభై ఏళ్ళలో ఎంతమంది ఎలక్ట్రీషియన్లు చేయి పెట్టారో తెలియదు కాబట్టి రంగును నమ్మకుండా ప్రతి తీగనూ మల్టీమీటరుతో సరిచూడాలి. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొన ఎర్తు అయి ఉంటుంది; అలాంటి బండిలో ఎలక్ట్రానిక్ మీటరును మామూలుగా కలిపితే ఆ క్షణమే కాలిపోతుంది. మీటర్లన్నిటికీ కలిపి విడిగా ఒక చిన్న ఫ్యూజు, బాడీకి నేరుగా ఒక ఎర్తు తీగ, మొత్తం పలక విప్పడానికి వీలుగా ఒకే సాకెట్టు ఉంటే రేపు రిపేరుకు సగం రోజు మిగులుతుంది. దీపాలకు ఎల్.ఇ.డి. మంచిదే, వేడి తక్కువ. ఛార్జింగ్ హెచ్చరిక దీపానికి మాత్రం పాత బల్బే ఉంచాలి. ఆ బల్బు గుండా వెళ్ళే కరెంటుతోనే చాలా ఆల్టర్నేటర్లు మేలుకుంటాయి. ఎల్.ఇ.డి. పెడితే అంత కరెంటు పోక ఛార్జింగ్ మొదలుకాకపోవచ్చు. బ్యాటరీ, ఆల్టర్నేటరు రెండూ మార్చి కూడా కారణం దొరక్క తిరిగే బండ్లలో ఈ దీపం ఒకటి చూడాల్సిన చోటు.

ముళ్ళెందుకు, ఒక తెర పెట్టేస్తే సరిపోదా అని కుర్రవాళ్ళు అడుగుతున్నారు. ఆస్టన్ మార్టిన్ లగోండా 1976లో లండన్ ప్రదర్శనలో కనబడినప్పుడే ఆ ఊహ ఉంది. అందులోని డిజిటల్ డాష్‌బోర్డు కొన్నవాళ్ళనూ కంపెనీనీ ముప్పుతిప్పలు పెట్టింది. ఇప్పుడు ఆర్డుయినో బోర్డు, చిన్న తెర కలిపి ఇంజినీరింగ్ విద్యార్థి కూడా చేయగలడు. ఒకే చోట పది కొలతలు, హద్దు దాటితే బీప్ శబ్దం, గతవారం లెక్కలు చూసుకునే వీలు ఉంటాయి. కానీ పాత బండి కరెంటు శుభ్రంగా ఉండదు. స్టార్టరు తిప్పినప్పుడు వోల్టేజీ పడిపోయి తెర మళ్ళీ మొదటి నుంచి లేస్తుంది. ఎండలో చవక తెర కనబడదు, వేడికి నల్లబడుతుంది. జీపీఎస్ స్పీడోమీటరు టైరు సైజుతో పనిలేకుండా సరిగ్గా చూపిస్తుంది గానీ సొరంగంలో ఆగిపోతుంది. నేనైతే ముళ్ళ మీటర్లు నిలిపి, హద్దు దాటినప్పుడు మోగే చిన్న బజరు మాత్రం ఎలక్ట్రానిక్స్‌కు వదిలిపెడతాను. దారి మీద కన్ను పెట్టినవాడికి చెవి ఖాళీగానే ఉంటుంది.

పాత కార్లను అనుమతి పొందిన కిట్లతో ఎలక్ట్రిక్‌గా మార్చడం మొదలయ్యాక ఈ ప్రశ్న ఇంకో మలుపు తిరిగింది. అక్కడ ఆయిల్ ప్రెషరు లేదు, చోక్ లేదు, నీళ్ళ వేడి ఉన్నా మునుపటి అర్థంలో కాదు. పెట్రోలు ముల్లు మాత్రం పనికొస్తుంది. బ్యాటరీలో ఎంత ఛార్జి మిగిలిందో చదివి, ఫ్లోటు ఇచ్చే ఓములకు సమానమైన కరెంటును పాత మీటరుకు పంపే చిన్న సర్క్యూటు చాలు. 1970ల డయల్ మీదే ఖాళీ, నిండు గీతల మధ్య ముల్లు నడుస్తుంది. ఆయిల్ మీటరు చోట రావాల్సింది బ్యాటరీ వేడి. దానికి కిట్ తయారీదారు ఆ సమాచారాన్ని బయటి మీటరుకు ఇచ్చే తీగ వదిలాడా లేదా అన్నది బేరం కుదుర్చుకునే ముందే అడిగి, కాగితం మీద రాయించుకోవాలి.